వాషింగ్ మిషను గాజు తలుపు: ఒక అనుభవం, కొన్ని జాగ్రత్తలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శాఖల సంయుక్త సమావేశంలో విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజున కలుస్తాము. పెన్షను దయాధర్మంగా ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పిన తీర్పు అది. ఆ విషయం మీద నాకంటె బాగా మాట్లాడగల వక్తలు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, డి.ఏ. సంగతి, బకాయిల సంగతి అందరూ చెబుతారు. మీరు ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి ఉంది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అయినా మీ ఇళ్లలో అది జరగకుండా ఉండాలని చెబుతున్నాను.

ఆనాడు జరిగినది

మాది హిందూపురం. నేను రిటైరయిన తర్వాత, మా కోడలు ఉద్యోగానికి పోతుందని, నా భార్యకు మోకాళ్ల నొప్పులని, ముందు తలుపు ఉండే వాషింగ్ మిషను కొన్నాము. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. అయిదేళ్లు చక్కగా పనిచేసింది. మా మనుమడికి అప్పుడు నాలుగేళ్లు. వాడికి ఆ మిషను టీవీతో సమానం. చిన్న పీట తెచ్చుకొని గాజు తలుపు ముందు కూర్చుని, లోపల బట్టలు గిరగిరా తిరుగుతుంటే చూస్తూ, "తాతా, నీ చొక్కా వచ్చె! అవ్వ చీర వచ్చె!" అని కేకలు వేసేవాడు. మేమందరం నవ్వుకునేవాళ్లం. వాడు అక్కడుంటే అన్నం తినిపించడం సులభమని మేమే కూర్చోబెట్టేవాళ్లం కూడా.

2023 ఆగస్టులో ఒక ఆదివారం. వాన పడి వెలిసింది. ఆ రోజు మిషనులో దుప్పట్లు, వాటితో పాటు పిల్లవాడి రెయిన్ కోటు పడ్డాయి. చివరన నీళ్లు పిండే దశలో మిషను దడదడలాడింది. అదే సమయానికి నా భార్య వంటింట్లోంచి "ఒరే, రాగి మాల్ట్ తాగుదువు రా" అని పిలిచింది. వాడు పీట మీద నుంచి లేచి నాలుగడుగులు వేశాడో లేదో, టపాకాయ పేలినట్లు చప్పుడయింది. తలుపు గాజు ముక్కలు ముక్కలై, సగం లోపలికి, సగం నేల మీదికి పడింది. పీట మీద కూడా గాజు ముక్కలే.

పిల్లవాడికి ఏమీ కాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, మీ మనసు కుదుటపడాలి గదా. కాని నా భార్య కంగారుగా చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఆమెకు పద్దెనిమిదేళ్లుగా షుగరు. మడమలో చిన్న ముక్క దిగింది, ఆమెకు తెలియలేదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందని మాకు ఆనాటికి తెలియదు. నాలుగో రోజు కాలు వాచింది. ముక్క తీయించి, ఇరవై రోజులు కట్టు కట్టించుకోవలసి వచ్చింది.

ఇక నేను చేసిన నిర్వాకం. ఆ చప్పుడు విన్న అయిదు నిమిషాలకే మా కోడలి మీద కేకలు వేశాను. "రెయిన్ కోటు ఎవరు వెయ్యమన్నారు? చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియదా?" అన్నాను. ఆ అమ్మాయి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చీపురు తెచ్చి అంతా ఊడ్చింది. నేనే ఆ ముక్కలన్నీ చెత్తబండిలో వేయించాను. ఆ చెత్తతోపాటు ఇంకేమి పోగొట్టుకున్నానో తర్వాత చెబుతాను.

రెండు రోజులకు మెకానిక్కు కుర్రవాడు వచ్చాడు. వాడి సంచిలో ఇంకెక్కడో విప్పిన పాత తలుపు గాజు ఒకటి ఉంది. దాన్ని కిటికీ దగ్గర పెట్టి, సెల్‌ఫోను లైటు పక్కనుంచి వేసి చూపించాడు. గాజు నిండా వెంట్రుకల్లాంటి గీతలు. "సార్, ఇట్లా గీతలు పడినాక గాజు ఎప్పుడైనా పోతుంది. మీ ఇంట్లో గాజును దేంతో రుద్దుతాండ్రు?" అని అడిగాడు.

నేను నోరు మూసుకున్నాను. ప్రతి ఆదివారం ఆ గాజు మీద పేరుకునే తెల్లటి ఉప్పు మరకను, పాత్రలు తోమే పొడి వేసి, స్టీలు పీచుతో రుద్దేది నేనే. మొండి మరకైతే కత్తి మొనతో గీకేవాణ్ణి. రిటైరయినాక ఇంటి పనిలో నేనూ ఒక చెయ్యి వేస్తున్నానని గర్వంగా ఉండేది. "గాజు మీద గీతలు పడతాయి మామా" అని మా కోడలు ఒకసారి అన్నది కూడా. ఆ మెకానిక్కు అడిగినప్పుడు ఆమె పక్కనే ఉంది. నా వైపు చూడకుండా, "కాఫీ పెడతాను" అని లోపలికి పోయింది.

ముప్పై రెండేళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. గాజు ఎందుకు పగులుతుందో పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినవాణ్ణి. ఆ రాత్రి భోజనాల దగ్గర, "అమ్మా, తప్పు నాది కూడా. నిన్ను ఊరికే అన్నాను" అన్నాను. "పోనీలే మామా, పిల్లోడు లేచి పోవడమే మన అదృష్టం" అన్నది. రెయిన్ కోటు కారణమా, నా పీచు కారణమా, లేక గాజులోనే మొదటినుంచీ లోపముందా అని మీరడిగితే, ఏ ఒక్కటీ నేను రుజువు చేయలేను. మూడూ కారణాలు కాగలవు. అందుకే మూడింటి గురించీ చెబుతాను.

ఈ గాజు స్వభావం

మన చిన్నతనంలో కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చాలామంది చూసి ఉంటారు. పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోసేవారు. చల్లారేకొద్దీ ఇనుము కుంచించుకొని కొయ్యను గట్టిగా బిగించేది. చక్రానికి ఆ బలం ఆ బిగువు నుంచే వచ్చేది.

టెంపర్డ్ గాజు తయారీలోనూ ఇటువంటి బిగువే ఉంది. గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేసి, రెండు వైపుల నుంచీ చల్లగాలి బలంగా కొడతారు. పై పొరలు ముందుగా చల్లారి గట్టిపడతాయి. లోపలి భాగం నిదానంగా చల్లారుతూ కుంచించుకుంటూ, పై పొరలను లోపలికి లాగుతుంది. దాంతో పై పొరలు నొక్కుకొని ఉంటాయి, నడిమి భాగం సాగదీసిన రబ్బరు మాదిరి లాగుతూ ఉంటుంది. ఈ బిగువు వల్ల మామూలు గాజుకంటె నాలుగైదు రెట్లు ఎక్కువ దెబ్బకు తట్టుకుంటుంది. అయితే ఏ గీతగాని, పగులుగాని పై పొరను దాటి ఆ నడిమి భాగానికి చేరిందా, బిగువంతా ఒక్కసారిగా వదులుతుంది. అందుకే ఈ గాజు ఒక చోట పగిలి ఊరుకోదు. మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుంది.

దీన్ని మనుషులు పదిహేడో శతాబ్దం నుంచే చూస్తున్నారు. కరిగిన గాజు బొట్టును నీళ్లలో వదిలితే, తోక ఉన్న బిందువులాగా గట్టిపడుతుంది. తల మీద సుత్తితో కొట్టినా పగలదు. తోక చివర తుంచితే మొత్తం పొడి అయిపోతుంది. వాటిని ఇంగ్లండులో ప్రిన్స్ రూపర్ట్ బిందువులన్నారు. రాబర్ట్ హుక్ 1665లో వెలువరించిన తన 'మైక్రోగ్రాఫియా' గ్రంథంలో వీటిని గురించి రాశాడు. ఇలాంటి గాజులో పగులు సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు వేగంతో పోతుంది. పెనుకొండలో బయలుదేరితే అరనిమిషంలో హిందూపురం చేరే వేగమన్నమాట! "పగుళ్లు కనిపించగానే పక్కకు తప్పుకుంటాలే" అనుకోవడానికి లేదు.

పెనుకొండ మిత్రులకు ఈ గాజు కొత్తదేమీ కాదు. ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏ కారుకైనా సాధారణంగా పక్క కిటికీలకు వాడేది టెంపర్డ్ గాజే. ముందు అద్దానికి మాత్రం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెడతారు. అది పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకొని ఉంటాయి.

వాషింగ్ మిషన్లలో పైనుంచి బట్టలు వేసేవాటికి మూత గాజు సాధారణంగా టెంపర్డ్ గాజే. ముందు తలుపు మిషన్లకు లోపల గిన్నె ఆకారంలో మందమైన గాజు, కొన్నింటికి దానిపైన అందం కోసం మరొక గాజు పలక ఉంటాయి. ఆ గిన్నె గాజులన్నీ టెంపర్డ్ కావు. కొన్ని పగిలితే పెద్ద పెద్ద కత్తుల్లాంటి ముక్కలౌతాయి. ఏ రకమైనా మన జాగ్రత్త ఒకటే.

పగలడానికి కారణాలు

మొదటిది గీత. మన మూడు ఊళ్ల బోరునీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు కడ్డీకి సున్నం పట్టినట్లు పొర కడుతుంది. అదే పొర మిషను గాజుకూ పడుతుంది. దాన్ని గీకి తీయాలనే ఆలోచన నా ఒక్కడికే కాదు, ఈ సభలో చాలామందికి వచ్చి ఉంటుంది. పాత్రలు తోమే పొడుల్లో ఇసుకలాంటి రేణువులుండవచ్చు. ఇసుక గాజు కంటె గట్టిది, గాజును గీస్తుంది. ప్రతి గీతా ఒక పగులుకు విత్తనం. ఈ రోజు రుద్దితే ఈ రోజు పగలదు. మూడేళ్ల తర్వాత, మిషను బాగా ఊగిన రోజున పగులుతుంది. అప్పుడు మనం ఆ రోజు బట్టలు వేసినవాళ్లను తిడతాము, నేను తిట్టినట్లు.

రెండోది లోపల పడే వస్తువులు. అయిదు రూపాయల బిళ్ల బరువు 6 గ్రాములైనా ఉంటుంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే డ్రమ్ములో దాని మీద పడే బలం భూమ్యాకర్షణకు దాదాపు 380 రెట్లు. అంటే ఆ చిన్న బిళ్ల రెండు కిలోల పైచిలుకు బరువుతో నొక్కుతుంది. అది డ్రమ్ముకే అతుక్కుని ఉంటే పరవాలేదు. వేగం తగ్గినప్పుడు జారి గాజుకు కొట్టుకున్నా, రబ్బరు వాకిలిలో ఇరుక్కుని గాజును ఒరుసుకున్నా ముప్పే. బెల్టు బకిల్సు, ప్యాంటు జిప్పులు, తాళాల గుత్తులు, పిన్నీసులు కూడా అంతే.

ధర్మవరం మిత్రులకు పట్టుచీర మిషనులో వేయకూడదని చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్లే. కాని చీర వేయనివారు కూడా మగ్గం వర్కు రవికెలు వేసేస్తున్నారు. ఆ రవికెల మీద రాళ్లు, పూసలు, అద్దాలు, లోహపు తీగ ఉంటాయి. అవి చేత్తో ఉతుక్కోవలసినవి. హుక్కులుండే మామూలు బట్టలను వల సంచిలో వేసి కట్టి మిషనులో వేయండి.

మూడోది నీళ్లు పట్టి ఉంచే బట్టలు. రెయిన్ కోటు, టార్పాలిను, పరుపు మీద వేసే రబ్బరు షీటు. ఈ చివరిది మనలాంటి ఇళ్లలో ముఖ్యం. మంచం పట్టిన పెద్దవాళ్లున్న ఇంట్లో రబ్బరు షీటు తప్పదు. అది మిషనులో సంచిలాగా నీళ్లను పట్టుకుంటుంది. మామూలు బట్టల్లోని నీళ్లు రంధ్రాల గుండా బయటికి పోతాయి, ఈ నీళ్లు పోవు. బరువంతా ఒక పక్కకు చేరి, వేగంగా తిరిగేటప్పుడు డ్రమ్ము ఎగిరెగిరి కొట్టుకుంటుంది. అమెరికాలో 2016 నవంబరులో శామ్‌సంగ్ కంపెనీ పైనుంచి బట్టలు వేసే మిషన్లను దాదాపు 28 లక్షలు రీకాల్ చేసింది. ఎక్కువ ఊగుడు, పైభాగం ఊడిరావడం గురించి 733 ఫిర్యాదులు వచ్చాయని, 9 మంది గాయపడ్డారని, వారిలో ఒకరి దవడ విరిగిందని అక్కడి ప్రభుత్వ సంస్థ ప్రకటించింది. పరుపు దుప్పట్లు, నీళ్లు పీల్చని బట్టలు వేసినప్పుడు తక్కువ వేగం మీదనే తిప్పమని వినియోగదారులకు చెప్పారు. అది గాజు పగలడం గురించిన కేసు కాదు. కాని ఊగుడు ఎంత బలమైనదో అందులో తెలుస్తుంది. కాబట్టి రబ్బరు షీటును బండ మీద పరిచి కడగండి, నీడన ఆరేయండి.

నాలుగోది తయారీలో లోపం. గాజులో నికెల్ సల్ఫైడ్ అనే పదార్థపు కంటికి కనపడని రవ్వ ఉండిపోతే, అది ఏళ్ల తరబడి నిదానంగా పెరిగి, ఎవరూ తాకకుండానే టెంపర్డ్ గాజును పేల్చగలదు. గాజును చట్రానికి అతికించడంలో లోపం ఉన్నా ముప్పే. దక్షిణ కొరియాలో 2022లో శామ్‌సంగ్ కంపెనీ ముందు తలుపు మిషన్లు లక్షకు పైగా, తలుపు గాజు ఊడి పగులుతున్నందువల్ల, రీకాల్ చేసి ఉచితంగా తలుపులు మార్చవలసి వచ్చింది. అందుచేత గాజు పగిలినప్పుడల్లా "మీరే ఏదో చేసుంటారు" అని కంపెనీవాళ్లన్నా, "ఆడవాళ్లే ఏదో వేసుంటారు" అని మనమన్నా, రెండూ తొందరపాటే.

మన ఇంట్లో చేయవలసినవి

ఇవి రాసుకోనక్కరలేదు, ప్రత్యేక సంచికలో వేస్తామని కార్యదర్శిగారు మాటిచ్చారు.

1. మిషను తిరుగుతున్నప్పుడు పిల్లలను గాజు ముందు కూర్చోబెట్టకండి. కనీసం నాలుగైదు అడుగుల దూరంలో ఉంచండి. పెద్దలు కూడా నీళ్లు పిండేటప్పుడు వంగి లోపలికి తొంగి చూడకండి. మిగతావన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి మరవకండి.

2. మిషనులో వేసే ముందు ప్రతి జేబూ తిరగేయండి. చొక్కా జేబు ఒక్కటే కాదు, పంచెకట్టు వాళ్లు బనీను లోపలి జేబు కూడా చూసుకోవాలి. మన జేబుల్లో చిల్లర, తాళంచెవి, మాత్రల అట్ట, లైఫ్ సర్టిఫికెట్ రసీదు తప్పక ఉంటాయి.

3. గాజు మీద తెల్లపొర పడితే, ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మఉప్పు కలిపి, మెత్తటి గుడ్డ ముంచి గాజు మీద కాసేపు పరిచి ఉంచండి. పొర మెత్తబడ్డాక తుడిచి, మంచినీళ్లతో కడిగేయండి. పీచు, పొడి, కత్తి వద్దు. అసలు ఉతుకు అయిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిస్తే పొరే పేరుకోదు.

4. నెలకొకసారి టార్చిలైటు పక్కనుంచి వేసి గాజును, దాని అంచులను చూడండి. గోరుకు తగిలే గీత, అంచున చిన్న పెచ్చు ఊడటం, సన్నని పగులు కనిపిస్తే ఆ రోజుతో మిషను ఆపేయండి. టేపు అంటించి నడపకండి.

5. మూత మీద బకెట్లు, ఇస్త్రీ బట్టల మూట, నీళ్ల బిందె పెట్టకండి. అది స్టూలు కాదు. ముందు తలుపు మిషను దగ్గర పీట మీద కూర్చుని బట్టలు తీసి, లేచేటప్పుడు తెరిచిన తలుపు పట్టుకొని లేచే అలవాటు మనలో చాలామందికుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు గోడకు ఒక పిడి కొట్టించుకోండి. తలుపు మీద మన బరువు వేయకండి.

6. మిషను నాలుగు కాళ్లూ నేలకు సమానంగా ఆనాలి. మిద్దె మీద, బాల్కనీలో నీళ్లు పోవడానికి వాలుగా వేసిన నేల మీద పెడితే కాళ్ల కింది మరలు తిప్పి సరిచేయించండి. కొత్త మిషనుకు రవాణా కోసం బిగించే బోల్టులు తీశారో లేదో దగ్గరుండి చూడండి.

7. మూత గాజు పగిలితే బజారులో అద్దాల షాపులో కోయించి వేయించకండి. టెంపర్డ్ గాజును తయారైన తర్వాత కోయడం కుదరదు. అక్కడ కోసిచ్చేది మామూలు గాజే. అది పగిలితే కత్తుల్లాగా పగులుతుంది. వంద రూపాయలు మిగుల్చుకోబోయి ప్రమాదం కొని తెచ్చుకోవద్దు.

పగిలిన తర్వాత

ముందు కదలకుండా నిలబడండి. చెప్పులు తెప్పించుకొని వేసుకోండి. నేల తడిగా ఉంటే స్విచ్చి దగ్గరికి పోకుండా మెయిను బోర్డులో ఆపేయండి. లోపలి బట్టల్లో చెయ్యి పెట్టకండి. ఊడ్చే ముందు మీ సెల్‌ఫోనుతో ఫోటోలు తీయండి. తలుపు, ముక్కలు, మిషను వెనక ఉండే నంబరు పట్టీ, అన్నీ తీయండి. నాలుగు ముక్కలు ఒక డబ్బాలో దాచండి.

పెద్ద ముక్కలు మందమైన చేతితొడుగులతో తీయండి. కంటికి కనపడని రవ్వలను గోధుమపిండి ముద్దతో అద్ది తీస్తే వచ్చేస్తాయి. ఆ ముద్దను పారేయాలని వేరే చెప్పాలా! ఆ ఉతుకులోని పసిపిల్లల బట్టలను వదిలేసుకోవడమే మేలు. గాజును మందపాటి కాగితంలో చుట్టి, "గాజు" అని రాసి చెత్తబండికి ఇవ్వండి. పారిశుధ్య కార్మికుల చేతులు కూడా మన చేతుల్లాంటివే. మెకానిక్కు చూసేదాకా మిషనును మళ్లీ తిప్పకండి.

షుగరు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నొప్పి లేదంటే గాయం లేదని కాదు. ఆ రోజు, ఆ మర్నాడు వెలుతురులో అరికాళ్లు చూపించుకోండి. గుండెకోసం రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లకు చిన్న కోత కూడా ఎక్కువసేపు కారుతుంది. శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకొని ఆస్పత్రికి పోండి. లోతుగా దిగిన ముక్కను లాగకండి. కంట్లో రవ్వ పడితే నలపకండి, ఏదైనా మూత అడ్డంపెట్టి డాక్టరు దగ్గరికి పోండి. ధనుర్వాతం ఇంజెక్షను గురించి డాక్టరును అడగండి. అవసరమైతే 108కి ఫోను చేయండి.

మన హక్కు

మా మెకానిక్కు మంచివాడే గాని, ఆఫీసు నుంచి వచ్చిన జవాబు మాత్రం "గాజు వారంటీలోకి రాదు" అని. నేను ఉత్తరం రాశాను. "పగిలిన గాజు పంపండి, పరీక్షిస్తాము" అన్నారు. పంపడానికి నా దగ్గర ఏముంది? చెత్తబండిలో వేశాను. ఫోటో కూడా లేదు. ఇందాక పోగొట్టుకున్నానన్నది దీన్నే. తప్పు గాజుదా నాదా తేల్చుకునే అవకాశమే లేకుండా, తలుపు ఖర్చు నేనే పెట్టుకున్నాను.

మీరు అలా చేయకండి. వారంటీ అయిపోయినంత మాత్రాన హక్కంతా అయిపోయినట్లు కాదు. వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై 20 నుంచి అమలులో ఉంది. లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైతే తయారీదారు, అమ్మకందారు, సర్వీసు చేసినవారు బాధ్యత వహించవలసి రావచ్చని ఆ చట్టం చెబుతోంది. మొదట 1915 నంబరుకు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చు. వస్తువు బెంగుళూరులో కొన్నా, మీరు నివసించే చోటనే ఫిర్యాదు వేసుకునే వీలుంది. వస్తువుకు మీరు చెల్లించిన వెల 5 లక్షల రూపాయల లోపుంటే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్లలోగా వేయాలి. బిల్లు, వారంటీ కార్డు, ఫోటోలు, డాక్టరు చీటీలు ఉండాలి. సర్వీసు రిజిస్టరు, పెన్షను కాగితాలు నలభై ఏళ్లు భద్రపరచిన మనకు ఒక బిల్లు దాచుకోవడం కష్టమా!

ముగింపు

ఇంతా విని, "అయితే మిషను వద్దు, పాత బండే మేలు" అని ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. మన తల్లులు చౌడు మట్టి మోసుకొని, చెరువు గట్టున నడుములు విరిగేలా ఉతికారు. మనలో ఎంతోమందికి బట్టలుతికిపెట్టిన రజక కుటుంబాలవారు ఎండలో, చలిలో మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డారు. ఆ శ్రమ తగ్గడం మంచిదే. మిషను ఉండాలి. దానితో ఎలా మెలగాలో మనం నేర్చుకోవాలి.

ఈ మాటలు ఇంటికి పోయి మీ కోడళ్లకు, కూతుళ్లకు "చూశారా, మాస్టారు ఏం చెప్పారో" అని పాఠం చెప్పకండి. ముందు మీరే టార్చిలైటు పట్టుకొని గాజు చూడండి. మా ఇంట్లో ఇప్పుడు జేబులు తిరగేసే పని నాది, గాజు తుడిచే పని కూడా నాదే, మెత్తటి గుడ్డతో. మా మనుమడి పీట ఇప్పుడు వంటింటి వాకిట్లో ఉంది. అక్కడినుంచే, "తాతా, అవ్వ చీర వచ్చె!" అని అరుస్తుంటాడు. అంత దూరం నుంచి వాడికి ఏమీ కనపడదు, ఊరికే అంటాడు. నేను కూడా "అవును నాయనా, వచ్చె" అంటాను.